అశ్విన్ లెఫ్ట్ హ్యాండర్ల బౌలరేనా? కుడిచేతి వాళ్ల లెక్క ఏంటి?

విశాఖ_బీచ్: ఆఫ్‌స్పిన్నర్ అశ్విన్‌కు టెస్టుల్లో 537 వికెట్లు. ఎడమచేతి వాటం వాళ్లను 200 సార్లు ఔట్ చేసిన మొదటి బౌలర్. స్టోక్స్ 13 సార్లు, వార్నర్ 11 సార్లు. మరి కుడిచేతి వాళ్ల మీద ఎలా? మన దేశంలో, బయటా విడివిడిగా చూసినవాళ్లు చెప్పండి.

గల్లీ_ఆఫ్‌స్పిన్: క్లబ్ క్రికెట్లో ఏళ్ల తరబడి ఇదే ఆఫ్‌స్పిన్ వేశాను, నన్ను అడగండి. ఎడమచేతి వాళ్లకు బంతి బ్యాటుకు దూరంగా బయటికి తిరగడం సగం సంగతే. అశ్విన్ రౌండ్ ద వికెట్ (వికెట్లకు అవతలి పక్క నుంచి) వచ్చి ఒకటి తిప్పి, ఒకటి తిప్పకుండా వదిలేవాడు. తిరిగితే స్లిప్పులో క్యాచ్, తిరక్కపోతే ఎల్బీ. 2018 ఎడ్జ్‌బాస్టన్‌లో ఎడమచేతి కుక్ అతని బంతికే రెండు ఇన్నింగ్స్‌లోనూ బౌల్డ్. 2015లో సంగక్కర ఆఖరి రెండు టెస్టుల్లో నాలుగుసార్లూ అశ్విన్‌కే ఔట్.

ఓవల్_మంట: ఇంత తెలిసి 2023 డబ్ల్యూటీసీ (ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్) ఫైనల్లో అశ్విన్‌ను బయట కూర్చోబెట్టారు! ఆస్ట్రేలియా మొదటి ఎనిమిది మందిలో ఐదుగురు లెఫ్ట్ హ్యాండర్లు. వాళ్లలో ఒకడైన హెడ్ 163 కొట్టాడు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కవర్‌డ్రైవ్: పచ్చటి పిచ్, పైన మబ్బులు, అన్నీ పేసర్లకే అనుకూలం. హెడ్ సెంచరీ కొట్టింది మొదటి రోజే, ఆ రోజు ఏ స్పిన్నర్ ఏం చేస్తాడు?

ఓవల్_మంట: అదే మ్యాచ్‌లో ఆస్ట్రేలియా లయన్‌కు రెండో ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు వచ్చాయి, అతనూ ఆఫ్‌స్పిన్నరే కదా!

కవర్‌డ్రైవ్: వచ్చింది చివరి రెండు రోజుల్లో. పైగా రోహిత్‌తో సహా నలుగురూ కుడిచేతి వాళ్లే. నీ వాదనకు అది ఎలా పనికొస్తుంది? స్కోర్‌కార్డు చూసి మాట్లాడు.

ఓవల్_మంట: మాటలు జాగ్రత్త. ఆ మ్యాచ్ ప్రతి బంతీ చూశాను నేను.

డాలస్_రాజు: ఇక్కడ అమెరికాలో బేస్‌బాల్‌లో తిరగేసి ఉంటుంది, కుడిచేతి పిచ్చర్‌కు (బంతి విసిరేవాడికి) సాధారణంగా కుడిచేతి బ్యాటర్‌ను ఔట్ చేయడమే సులువు. స్లైడర్ (గాల్లోనే పక్కకు వంగే బంతి) ఆ బ్యాటర్‌కు దూరంగా పోతుంది కాబట్టి. కారణం మాత్రం ఒకటే, బ్యాటుకు దూరంగా పోయే బంతి. అందుకే ప్రత్యర్థి చేతివాటం చూసి పిచ్చర్‌ను మార్చేస్తుంటారు.

గల్లీ_ఆఫ్‌స్పిన్: స్లైడర్ నేలమీద పడదు రాజు గారూ. పిచ్ మీద తిరిగే బంతితో దానికి పోలికేంటి?

స్టీల్‌ప్లాంట్_సీను: అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో మన వైజాగ్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో అశ్విన్ తీసిన మూడు వికెట్లు డకెట్, పోప్, రూట్. పోప్, రూట్ ఇద్దరూ కుడిచేతి వాళ్లే. 2020లో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా కుడిచేతి బ్యాటర్ స్మిత్ అశ్విన్‌ బౌలింగ్‌లోనే 1కే స్లిప్పులో, మెల్‌బోర్న్‌లో సున్నాకే లెగ్ స్లిప్పులో దొరికాడు. లెఫ్ట్ హ్యాండర్ల బౌలర్ అని ముద్ర వేయడం అన్యాయం.

కవర్‌డ్రైవ్: సిడ్నీలో అదే స్మిత్ 131 కొట్టాడు, అదీ రాయండి.