అంతర్వేది మొగలో (గోదారి సముద్రంలో కలిసేచోట) పెద్ద పండుగప్ప చేప పడితే వదిలేయాలా, ఇంటికి తేవాలా?

రాజోలు_గాలం:
ఆదివారం తెల్లారగట్ల అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడ్డామండి, అమావాస్య వెళ్ళిన రెండోరోజు, పాటుకి నీళ్ళు సముద్రంలోకి లాగుడు మామూలుగా లేదు, నీళ్ళల్లో ఇంకా ఎరుపు పోలేదు, గంటన్నరకి ఒక్క జెల్ల. సరిగ్గా నీళ్ళు తిరిగే టైముకి బతికున్న కొయ్యింగ చేపపిల్లని ఎరేస్తే పడింది, కాటాకి తగిలిస్తే 9 కేజీల పండుగప్ప! రెండుసార్లు గాల్లోకి లేచి తల విదిలించింది, చెంప మూత బ్లేడు కదా, గాలానికి కట్టే లీడరు దారమంతా గీతలే. ఫోటో తీసి వదిలేశా. అప్పట్నుంచి ఇంట్లో తిట్లే. మీరైతే ఏం చేస్తారు?

పులుసు_పిచ్చోడు:
వదిలేశావా!! దణ్ణం సామీ నీకు. వలోళ్ళు రోజూ ఎన్ని లాగుతున్నారో చూస్తున్నాం, నువ్వొకటి వదిలితే సముద్రం నిండిపోద్దా?

ఉప్పుటేరు:
వదలడమే కరెక్ట్ అండి. పండుగప్ప ముందు మగదిగా పెరిగి, కొన్నేళ్ళకి బాగా పెద్దయ్యాక ఆడదవుద్ది, కాబట్టి అంత సైజుదంటే దాదాపు ఆడదే, లక్షల గుడ్లు పెట్టేది. ఆస్ట్రేలియా క్వీన్స్‌ల్యాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపుది, 120 దాటింది రెండూ వదిలేయాల్సిందే. కూరకి రెండు మూడు కేజీలది చాలదా? కాకపోతే కాటాకి నిలువునా వేలాడదీయడం తప్పు, దాని బరువుకి దవడా లోపలి భాగాలూ దెబ్బతింటాయి.

మొగకాడ_కుర్రోడు:
వేటకెళ్ళే ఇంట్లో పుట్టినోణ్ణి, ఒక మాట అడుగుతా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమని మేం ఇంజను బోట్లు ఒడ్డున పెట్టి కూర్చుంటాం, అదే టైములో మీరు కార్లలో రాడ్లేసుకొచ్చి మొగలో నిలబడతారు. ఒడ్డు మీంచి వేసే గాలానికి నిషేధం లేదంటారు, సరే, మరి ఆ నిషేధం చేప గుడ్డు పెట్టుకోడానికే కదా? మేం పడితే తింటాం, అమ్ముతాం. మీరు సరదాకి నోరు చీల్చి, ఇసకలో పడేసి, నలుగురి చేతుల్లో తిప్పి వదిలితే అది పుణ్యమా? తర్వాత బతికిందో లేదో ఎవడు చూశాడు?

రాజోలు_గాలం:
తమ్ముడూ గట్టిగానే తగిలింది. ఒప్పుకోవాలి, పోయినేడు ఇలాగే ఒకటి వదిలితే పది గజాలు వెళ్ళి తెల్లగా పొట్ట తిరగేసింది, గాలం మింగేసిందది, ఎవరికీ చెప్పలేదు. ఈసారిది పెదవికే పడింది, తోక పట్టుకుని మోకాల్లోతు నీళ్ళల్లో నిలబెడితే కాసేపటికి తనే విదిలించుకుని పోయింది. ఇకనుంచి గాలం కొన దగ్గరుండే ఎదురు ముల్లు నొక్కేస్తా, కాటా తేను, ఫోటో నీళ్ళల్లోనే. నిషేధం రోజుల్లో మాత్రం రావడం మానేస్తా, ఆ మాట నువ్వన్నది న్యాయమే.

ఉప్పుటేరు:
నేను మాననండి. ఆ రోజుల్లో చిన్న పార, మాగ చేపలు పట్టుకుంటే ఎవడికి నష్టం?

మొగకాడ_కుర్రోడు:
పండుగప్ప వచ్చి నీ ఎర ముట్టుకోకుండా బోర్డు పెడతావా మరి?

పులుసు_పిచ్చోడు:
గాలం మింగి ఎలాగూ బతకదనిపిస్తే నాకో ఫోన్ కొట్టండి, మలికిపురంలోనే ఉంటా, చింతపండు నానబెట్టేసి బయల్దేరతా.