వశిష్ఠ మొగ దగ్గర తీరం లెక్క తేడా కొడుతోంది, పొరపాటు ఎక్కడ?

ప్రశ్న:
గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగకు అటూ ఇటూ తీరం ఎంత మారిందో లెక్క కడుతున్నాను. 2016 నవంబరు, 2023 మార్చి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఎన్‌డీడబ్ల్యూఐతో (నీటినీ నేలనూ విడదీసే సూచిక) నీటి అంచు తీసి, డీఎస్ఏఎస్‌లో (తీరం మార్పు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) 50 మీటర్లకో అడ్డగీత వేశాను. అంతర్వేది వైపు సరుగుడు చెట్లు వేళ్లతో సహా పడిపోతున్న చోటేమో 20 మీటర్ల మేట చూపిస్తోంది! మొగలో ఒక గీత మీద 200 మీటర్ల మేట, పక్కదాని మీద 150 కోత. ఏది నమ్మమంటారు?

జవాబు 1:
ఆ 20 మీటర్లు మేట కాదండి, నీటిమట్టం. మన తీరంలో అక్టోబరు, నవంబరుల్లో సముద్రం ఏడాది మొత్తంలో ఎత్తున ఉంటుంది, మార్చికి దిగిపోతుంది. దానికి పోటూ పాటూ తోడు. ఒడ్డు వాలు 40కి 1 అనుకోండి, నీరు అర మీటరు దిగితే చాలు, అంచు 20 మీటర్లు ముందుకు జరిగినట్టు కనబడుతుంది. చిత్రాలన్నీ ఒకే నెలవి తీసుకోండి. ఫిబ్రవరి, మార్చి అయితే మబ్బుల బెడదా తక్కువ. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది. ఆ వేళకు పోటు ఎంతుందో కాకినాడ టైడ్ టేబుల్లో చూసి, దగ్గర దగ్గరగా ఉన్న రోజులే ఉంచండి. ఇంకా మేలు, నీటి అంచుతో పాటు పచ్చదనం మొదలయ్యే గీత కూడా గీయడం. చెట్లు కూలుతున్న చోట నేను దాన్నే నమ్ముతాను.

జవాబు 2:
మొగ సంగతి వేరు. బురదనీరు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను (కంటికి కనబడని కాంతి) కొంత తిప్పికొడుతుంది, ఎన్‌డీడబ్ల్యూఐ దాన్ని నేల అనుకుంటుంది. గ్రీన్, స్విర్ (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్) బ్యాండ్లతో ఎంఎన్‌డీడబ్ల్యూఐ (సవరించిన ఎన్‌డీడబ్ల్యూఐ) వాడండి. స్విర్‌లో ఒక్కో పిక్సెల్ 20 మీటర్లదని మరవకండి. అసలు మొగలో అడ్డగీతలే పనికిరావు. ఇసుక దిన్నె నాలుకలా సాగుతుంది, వరదకు తెగుతుంది. గీత తెగిన చోట పడితే కోత, కొసన పడితే మేట. మీ రెండు తేదీల మధ్యలోనే 2022 జులై వరద ఉంది, భద్రాచలంలో 71.3 అడుగులు. అక్కడి గీతలు తీసేసి దిన్నె విస్తీర్ణాన్ని ఏటా హెక్టార్లలో కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
మరి మిగతా తీరానికి రెండు చిత్రాలు చాలవా?

జవాబు 1:
చాలవు. ఒక్కో అంచుకు 10 మీటర్ల పొరపాటు వేసుకున్నా రెంటికీ వర్గాలు కూడి మూలం తీస్తే 14. ఆరేళ్ల నాలుగు నెలలకు పంచితే ఏడాదికి 2.2 మీటర్లు. అంతకు తక్కువ వచ్చినదాన్ని కోత అనీ అనలేం, మేట అనీ అనలేం. ఏటా ఒక మార్చి చిత్రం తీసి ఎల్ఆర్ఆర్ (అన్ని తేదీల అంచులకూ కలిపి సరళరేఖ వేసి ఏడాదికి మార్పు తీసే లెక్క) వేయండి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే ల్యాండ్‌శాట్ ఉంది గానీ అది 30 మీటర్లది, దాని పొరపాటు అంకె విడిగా ఇవ్వాలి. డీఎస్ఏఎస్‌లో ఆ పొరపాటు గడి ఖాళీగా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ తన డిఫాల్ట్ అంకెనే అన్నిటికీ వేసేసుకుంటుంది.