వేప్ లిక్విడ్: షాపులో కొనడమా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమా?

నీలిపొగ
సిగరెట్ మాని వేప్‌కి, అంటే లిక్విడ్‌ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్‌కి, వచ్చినవాళ్లు నలుగురు కలిస్తే ఈ గొడవ రాకుండా ఉండదు. అందుకే విడిగా చర్చ మొదలుపెడుతున్నా. నా మాట ముందే చెప్పేస్తా: లిక్విడ్ షాపులోనే కొనాలి.

బాటిల్ చేతిలోకి తీసుకుని చూడొచ్చు. మూత కింద రింగు తెగిందా, లేబుల్ మీద తేదీ చెరిగిందా, అడుగున ఏమైనా పేరుకుందా, అన్నీ కళ్ల ముందే తెలిసిపోతాయి. అంతకంటే ముఖ్యం, కాస్త పని తెలిసిన షాపువాడు మొదట అడిగేది "మీ దగ్గరున్న డివైస్ ఏది?" అని. ఆన్‌లైన్‌లో ఆ ప్రశ్న అడిగేవాడు ఉండడు. నాకు తెలిసిన ఒకాయన చిన్న పాడ్‌కి (చిన్న సైజు వేప్ డివైస్) రివ్యూలు చూసి 80 శాతం వీజీ (చిక్కటి గ్లిజరిన్) ఉన్న లిక్విడ్ తెప్పించుకున్నాడు. అది తేనెలా చిక్కగా ఉంది. కాయిల్‌లోని (లిక్విడ్‌ని వేడిచేసే తీగచుట్ట) దూది తడిసేలోపే ఇతను దమ్ము లాగడం, దూది మాడటం, గొంతంతా కాలిన వాసన. ఫ్లేవర్ చెత్త అని ఒక్క స్టార్ ఇచ్చాడు. పాపం ఫ్లేవర్ తప్పేముంది?

కొరియర్ భక్తుడు
నీలిపొగ అన్నా, మీరు చెప్పే ఆ 'పని తెలిసిన షాపువాడు' అందరికీ దొరికితే ఈ చర్చే అక్కర్లేదు. నాకు దొరికినవాళ్లు ఎక్కువగా ఏ బాటిల్ కదలడం లేదో దాన్నే బాగుంటుందని అంటగట్టేవాళ్లు. ఒకసారి బ్యాచ్ నంబర్ ఎక్కడుందని అడిగితే, నేనేదో తనిఖీకి వచ్చినవాడినన్నట్టు చూశాడు కౌంటర్‌లో కుర్రాడు. ఆ వరుసంతా రంగురంగుల లైట్ల కింద, ఎండ పడే అద్దం పక్కన పెట్టి ఉంది. నికోటిన్‌కి పడనివి మూడు: వేడి, వెలుతురు, గాలి. అందులో రెండింటిని అక్కడ అలంకారం కింద వాడుతున్నారు.

ఆన్‌లైన్ పేజీలో పీజీ (పల్చగా ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్) ఎంత, వీజీ ఎంత, నికోటిన్ సాల్టా మామూలుదా, ఏ తీపి కలిపారు అన్నీ రాసి ఉంటాయి. తీరిగ్గా చదువుకోవచ్చు, రెండు మూడు పోల్చుకోవచ్చు. వెనకాల జనం నిలబడి ఉన్నారన్న టెన్షన్ లేదు. సరుకు త్వరగా కదిలే సైట్ అయితే తాజాది వస్తుంది.

కాయిల్ మేస్త్రి
ఇద్దరూ అనుభవాలు చెబుతున్నారు, లెక్క ఎవరూ చెప్పడం లేదు. కొత్తవాళ్లు చదువుతుంటారు కాబట్టి రాస్తున్నా.

చిన్న పాడ్‌లకి పీజీ, వీజీ సగం సగం ఉన్న పల్చటి లిక్విడ్. ఎక్కువ వాట్లతో దట్టంగా ఆవిరి వదిలే సబ్-ఓమ్ ట్యాంకులకి 70 శాతం వీజీ లేదా ఆ పైన. ఇది తారుమారైతే ఒకదాంట్లో దూది మాడుతుంది, ఇంకోదాంట్లో కారుతుంది. మాడటం రుచి చెడటంతో పోయేది కాదు. పీజీ, వీజీ అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ లాంటి విషపదార్థాలు పుడతాయి. మాడు వాసన వస్తే ఇంకో నాలుగు దమ్ములు లాగి చూద్దాం అనుకోకండి.

నికోటిన్ సాల్ట్ అంటే నికోటిన్‌కి బెంజోయిక్ లాంటి ఆమ్లం కలిపింది. ఎక్కువ మోతాదులోనూ గొంతు గీరదు. కాబట్టి ఎంఎల్‌కి 20 ఎంజీ నికోటిన్ ఉన్న సాల్ట్‌ని పెద్ద ట్యాంకులో పోసి లాగితే ఎంత లోపలికి పోతుందో గొంతు హెచ్చరించదు. తల తిరగడం, కడుపులో తిప్పడం మొదలయ్యాకే తెలుస్తుంది.

ఇక ఆన్‌లైన్‌లో ఎక్కువగా పోయేది షార్ట్‌ఫిల్. 60 ఎంఎల్ పట్టే బాటిల్‌లో 50 ఎంఎల్ నికోటిన్ లేని లిక్విడ్ ఇస్తారు, మిగిలిన చోటులో 10 ఎంఎల్ నికోటిన్ షాట్ (నికోటిన్ కలిపిన చిన్న బాటిల్) మనమే పోసుకోవాలి. షాట్ ఎంఎల్‌కి 18 ఎంజీది అయితే మొత్తం 180 ఎంజీ 60 ఎంఎల్‌లో కలిసి, ఎంఎల్‌కి 3 ఎంజీ వస్తుంది. ఈ లెక్క తెలియక ఆ షాట్‌నే నేరుగా ట్యాంకులో పోసుకునేవాళ్లు ఉంటారు. షాపులో అయితే కౌంటర్ మీదే కలిపి చూపిస్తారు. ఈ ఒక్క విషయంలో నా ఓటు నీలిపొగకే.

దారినపోయే దానయ్య
సిగరెట్ మానేసి దీన్ని పట్టుకున్నారు. ఇది ఎక్కడ కొనాలో మళ్లీ చర్చలు. రెండూ మానేస్తే కొనే బాధే ఉండదు కదా!

కాయిల్ మేస్త్రి
మానేస్తే మంచిదే దానయ్య గారూ, ఎవరూ కాదనరు. అసలు అలవాటే లేనివాళ్లు ఇటువైపు రావద్దనే నేనూ అంటా. కానీ ఈ చర్చ ఇప్పటికే వాడుతున్నవాళ్ల కోసం.

ల్యాబ్ గుమాస్తా
షాపా, ఆన్‌లైనా అనేది సరుకు చేతులు మారే చోటు మాత్రమే. లోపలున్నది ఎవరు కలిపారు, దానికి ఎవరు జవాబుదారీ అన్నది అసలు ప్రశ్న.

2019లో అమెరికాలో వేప్ వాడేవాళ్లకు వచ్చిన 'ఇవాలీ' అనే ఊపిరితిత్తుల జబ్బు గుర్తుందా? 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రిపాలైనవారు, చనిపోయినవారు కలిపి 2,807 మందిని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కగట్టింది. చనిపోయినవారు 68 మంది. ప్రధానంగా వేలెత్తి చూపింది విటమిన్ ఈ ఎసిటేట్‌ని. గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ ఉన్న కార్ట్రిడ్జ్‌లలో నూనెని చిక్కగా కనిపించేలా చేయడానికి అది కలిపారు. ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చింది? స్నేహితులు, చుట్టాలు, చేతికిచ్చి అమ్మేవాళ్లు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు. అంటే రెండు దారుల్లోనూ వచ్చింది. మామూలు నికోటిన్ లిక్విడ్‌ని దాంతో ముడిపెట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చిరునామా లేని సరుకు ఏ దారిలో వచ్చినా ఒకటే అంటున్నా.

లేబుల్ సంగతీ అంతే. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని ఈ-సిగరెట్ కార్ట్రిడ్జ్‌లను పరీక్షిస్తే, నికోటిన్ లేదని రాసినవాటిలో ఒకటి తప్ప అన్నిటిలో కొద్దిగా నికోటిన్ బయటపడింది. అప్పటికి నిబంధనలు లేవు నిజమే. కానీ నాణ్యత చూసే నాథుడు లేనిచోట లేబుల్ మీద రాత ఎంతవరకు నిలుస్తుందో చెప్పడానికి అది చాలు.

నేను చూసేవి ఇవి. తయారుచేసినవాడి పేరు, చిరునామా. బ్యాచ్ నంబర్. గడువు తేదీ. ఆ తర్వాత ల్యాబ్ రిపోర్ట్. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. సైట్‌లో రిపోర్ట్ పెట్టారు కదా అని తృప్తి పడతారు. తెరిచి చూస్తే ఎప్పటిదో, ఇంకేదో ఫ్లేవర్‌ది. రిపోర్ట్‌లోని బ్యాచ్ నంబర్, బాటిల్ మీది నంబర్ ఒకటే కావాలి. ఏ పరీక్ష చేశారో కూడా చూడండి. నికోటిన్ మోతాదు ఒక్కటే కొలిచి వదిలేస్తే, వెన్న, కస్టర్డ్ లాంటి ఫ్లేవర్లలో వాడే, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే డైఎసిటైల్ గురించి ఆ కాగితం ఏమీ చెప్పదు. తినే పదార్థాల్లో ఫర్వాలేదన్న ఫ్లేవర్ పీల్చడానికీ ఫర్వాలేదని కాదు. పొట్ట వేరు, ఊపిరితిత్తులు వేరు.

కొరియర్ భక్తుడు
గుమాస్తా గారూ, మీరు చెప్పినవన్నీ ఆన్‌లైన్‌లోనే సులువు కదండీ? షాపులో ఎవడు ల్యాబ్ రిపోర్ట్ చూపిస్తాడు?

ల్యాబ్ గుమాస్తా
చూడటం సులువే. నకిలీ పెట్టడం కూడా అంతే సులువు. పెట్టె మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే 'అసలైనది' అని పచ్చ టిక్కు వస్తుంది. ఆ పేజీ చేసింది నకిలీ పెట్టె చేసినవాడే అయితే? కోడ్ వదిలేసి, కంపెనీ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి అక్కడ నంబర్ కొట్టి చూడండి. ఇక వెనక గదిలో సొంతంగా కలిపి బాటిళ్లలో నింపి అమ్మే షాపులు కూడా ఉంటాయి. అమెరికాలో 2016 నిబంధనల ప్రకారం అలా కలిపేవాళ్లను తయారీదారులుగానే లెక్కిస్తారు, ఆ బాధ్యతలన్నీ వాళ్ల మీద పడతాయి. "మేమే చేశాం" అని గొప్పగా చెప్పే షాపుని ఈ మాట అడిగి చూడండి.

మోడరేటర్
చర్చ బాగుంది, ఒక్క మనవి. ఇది ఏ దేశంలో ఉన్నారన్న దాన్నిబట్టి మారిపోయే విషయం. భారతదేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. షాపైనా ఆన్‌లైనైనా తేడా లేదు. సింగపూర్‌లో దగ్గర ఉంచుకోవడమే నేరం, ప్రయాణాల్లో జాగ్రత్త. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి మందుల దుకాణాల్లో మాత్రమే అమ్మాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో నికోటిన్ ఎంఎల్‌కి 20 ఎంజీ దాటకూడదు, రీఫిల్ బాటిల్ 10 ఎంఎల్ దాటకూడదు. దేశం దాటి ఆన్‌లైన్‌లో అమ్మడాన్ని సభ్యదేశాలు నిషేధించుకోవచ్చు. అమెరికాలో 2021 నుంచి పోస్టల్ సర్వీస్ ద్వారా మామూలు కొనుగోలుదారులకు పంపడం కుదరదు. నిషేధం ఉన్నచోట ఎలా తెప్పించుకోవాలి అనే ప్రశ్నలు ఇక్కడ వేయొద్దు, తీసేస్తాం. అమ్మేవాళ్ల లింకులు కూడా పెట్టొద్దు.

మానేద్దామనుకుంటున్నా
నేను కొత్త. చదువుతుంటే భయమేస్తోంది అన్నయ్యలూ. ఇంట్లో చిన్న పిల్లాడు ఉన్నాడు. పార్సిల్ తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోతే వాడు తీస్తాడేమోనని నా బెంగ. ఇది ఎవరూ రాయలేదు.

కాయిల్ మేస్త్రి
మంచి మాట అడిగావమ్మా. 20 ఎంజీ రకం 10 ఎంఎల్ బాటిల్‌లో మొత్తం 200 ఎంజీ నికోటిన్ ఉంటుంది. పసివాళ్లకు అందులో కొద్దిగా పోయినా ప్రమాదమే. పైగా పండ్ల వాసన, మిఠాయి వాసన. నొక్కి తిప్పితేనే వచ్చే మూత లేని బాటిల్ ఇంటికి తేవద్దు. ఆ మూత కూడా పిల్లలు తెరవడం కష్టమయ్యేదే తప్ప అసలు తెరవలేని మూత కాదు. తాళం వేసిన అలమరలో పెట్టు. చేతి మీద ఒలికితే వెంటనే సబ్బుతో కడుక్కో, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. పిల్లాడు మింగాడని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు మాని నేరుగా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

ఆన్‌లైన్ అయితే పెద్దవాళ్లు సంతకం పెడితేనే ఇచ్చే డెలివరీ ఎంచుకో. వయసు అడగకుండా గుమ్మంలో పడేసి పోయే సైట్ మిగతా విషయాల్లో మాత్రం పద్ధతిగా ఉంటుందని నేను నమ్మను.

నీలిపొగ
అదిగో! వయసు సంగతి తెచ్చారు కాబట్టి అంటున్నా. షాపులో మనిషిని చూసి అడుగుతారు. సైట్‌లో 'నాకు వయసు నిండింది' అనే బటన్ నొక్కితే అయిపోయింది.

కొరియర్ భక్తుడు
అడిగే షాపులో అడుగుతారు అన్నా. యూనిఫాం వేసుకున్న పిల్లల చేతుల్లోకి అవన్నీ కొరియర్‌లోనే వస్తున్నాయంటారా?

ఇంకోటి. పార్సిల్ ఎండలో వ్యాన్‌లో ఉడికిపోయి లిక్విడ్ గోధుమ రంగుకి మారిందని చాలామంది గోల పెడతారు. రంగు మారితే పాడైనట్టే అనుకోవద్దు. నికోటిన్ గాలి తగిలి ముదురుతుంది, వెనిల్లా ఉన్నవైతే వాటంతట అవే ముదురుతాయి. వాసన ఘాటుగా మారినా, ఎంత కుదిపినా కలవక పొరలుగా విడిపోయి కనిపించినా అప్పుడు పారేయండి. సింక్‌లో మాత్రం పోయకండి.

మానేద్దామనుకుంటున్నా
అయితే మొదటిసారి షాపుకెళ్లి అడిగి తెలుసుకుని, నాకేది సరిపోతుందో తేలాక అదే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే సరిపోతుంది కదా?

నీలిపొగ
అందరూ చేసేది అదేనమ్మా, నాకు మంట కూడా అక్కడే. షాపువాడు అరగంట నిలబడి డివైస్ విప్పి చూపించి, కాయిల్ మార్చడం నేర్పి, నికోటిన్ ఎంత కావాలో నీ సిగరెట్ల లెక్క అడిగి చెబుతాడు. థాంక్స్ చెప్పి బయటికొచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెడతారు. వాడి అరగంటకి డబ్బు ఎవరిస్తారు?

కొరియర్ భక్తుడు
అరగంటకి ఫీజు తీసుకోమనండి, ఇస్తా. బాటిల్ ధరలో కలిపి, ఆ అరగంట అక్కర్లేని నా దగ్గర కూడా వసూలు చేస్తే ఎలా?

ల్యాబ్ గుమాస్తా
ఫీజు తీసుకుంటే మాత్రం నాకు ఇంకా నచ్చుతుంది. అప్పుడు కదలని బాటిల్ అంటగట్టాల్సిన పని అతనికి ఉండదు.

నీలిపొగ
చెప్పడానికి బాగానే ఉంది గుమాస్తా గారూ. సిగరెట్ మానాలని మొదటిసారి భయం భయంగా లోపలికొచ్చినవాడిని గుమ్మంలోనే ఫీజు అడిగితే, వాడు తిన్నగా పక్కనున్న సిగరెట్ కొట్టుకి పోతాడు. అక్కడ ఎవరూ ఏ ప్రశ్నా వేయరు.