ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందా, పుండై చచ్చిందా?

సర్వర్‌గది: ఆఫీసు సర్వర్లో ఎవరో ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని (నెట్ కనెక్షన్లని ఎన్‌క్రిప్ట్ చేసే, ప్రోగ్రాములన్నీ పంచుకునే లైబ్రరీ) సోర్స్ నుంచి బిల్డ్ చేసి సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టేశారు, అది పోయి యూజర్ లోకల్ లిబ్ ఫోల్డర్లో కూర్చుంది, పైగా లైబ్రరీలు ఎక్కడున్నాయో సిస్టమ్‌కి చెప్పే ఎల్‌డీకాన్ఫిగ్ కూడా నడిపారు, సోనేమ్ (ప్రోగ్రాములు లైబ్రరీని వెతికే పేరు) ఒకటే కదా, ప్రోగ్రాములన్నీ పాతదాన్ని వదిలి దీన్నే పట్టుకున్నాయి, రీస్టార్ట్ చేస్తే సగం లేవట్లేదు. మా సీనియర్ "ఉమ్మడి గొర్రె ఏదో అయి చచ్చిందట" అని వెళ్లిపోయారు. ఆ ఏదో ఏంటండీ? పుచ్చియా, పుండయా?

ఎర్రమట్టి: పుచ్చి. ఇందులో డౌటేముంది.

కరక్కాయసిరా: వంకాయ పుచ్చుతుంది, పన్ను పుచ్చుతుంది, గొర్రె పుచ్చడమేంటండీ? పుండై అనే ఉండాలి, నోళ్లలో నలిగి అలా అయ్యుంటుంది.

ఎర్రమట్టి: మాష్టారూ, మీరు గొర్రెని కూరలోనే చూసినట్టున్నారు 😀 ముల్లు గీరుకున్నచోట ఈగ గుడ్లు పెడితే ఒకట్రెండు రోజుల్లో పురుగులు లుకలుకలాడతాయి, పైన ఉన్ని కప్పేసి ఉంటది, చేత్తో పాయ తీసి చూస్తే గానీ కనబడదు. సొంతదైతే సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు తడిమి చూస్కుంటాం, నలుగురిదైతే ఎవడు తడుముతాడు? బతికుండగానే పుచ్చుద్ది.

తాళపత్రం: ఇద్దరూ అసలుది వదిలేశారు. పుచ్చు అంటే పాత తెలుగులో పంపడం, గడపడం కూడా. కాలము పుచ్చు, పుత్తెంచు, ఇవన్నీ ఉన్నాయిగా. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పంపగా పంపగా చచ్చిందని నా ఊహ.

కరక్కాయసిరా: ఊహ బానే ఉంది గానీ క్త్వార్థకానికి ("పుచ్చి" లాంటి అసమాపక క్రియకి) కర్త గొర్రే అవ్వాలి కదండీ, గొర్రె ఎవర్ని పంపింది?

తాళపత్రం: సామెత పుట్టించినోడు బాలవ్యాకరణం చదివి పుట్టించలేదు సార్. పంపడమంటే తిక్కనే, ఉద్యోగపర్వమంతా రాయబారాలేగా, ఆ సంభాషణల బిగువు ముందు మిగతా ఇద్దరూ...

కరక్కాయసిరా: నన్నయ జోలికి రావద్దు. అయినా తిక్కనే కావాలంటే "సారపు ధర్మమున్" పద్యం చూడండి, చేతనైనవాళ్లు ఉపేక్ష చేస్తే చేటు వాళ్లకే అంటాడు, ఈ సామెత సారం కూడా ఉపేక్షే, పంపడాలు కాదు.

నల్లతెర: సర్వర్‌గది తమ్ముడూ, అసలు నీ కేసుకి ఈ సామెతే కుదర్లేదు. గొర్రెని పట్టించుకోక చావలేదు, ఎవడో అడక్కుండా వైద్యం చేశాడు. షేర్డ్ లైబ్రరీ ఉండటమే మేలు, 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే బగ్గు బయటపడ్డప్పుడు ఒక్క ప్యాకేజీ అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే మెషీన్ మొత్తానికి ప్యాచ్ పడింది, స్టాటిక్‌గా లింక్ చేసుకున్నోళ్లు, అంటే లైబ్రరీ కాపీని ప్రోగ్రాములోనే కలిపేసుకున్నోళ్లు, ఒక్కో ప్రోగ్రామూ మళ్లీ బిల్డ్ చేసుకోవాల్సొచ్చింది. మీవాడు ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే చోటు) ఇచ్చి ఆప్ట్ ఫోల్డర్ కింద పెట్టుకుని, ఆర్‌పాత్‌తో (లైబ్రరీ ఎక్కడుందో ప్రోగ్రాములోనే రాసిపెట్టే దారి) తన ప్రోగ్రాముకొక్కదానికే చూపించుంటే అసలు గొడవే లేదు.

ఎర్రమట్టి: అన్నా, నా మాటే చెప్పావు. ఆ బగ్గు 2012లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచీ లోపలే ఉంది, సగం ఇంటర్నెట్ వాడింది, పాయ తీసి చూసిందెవరు? పుచ్చడమంటే అదే.

కరక్కాయసిరా: అర్థం కుదిరినంత మాత్రాన పాఠం కుదరదు. పాత సామెతల సంపుటంలో ఉన్న పేజీ పెట్టండి, ఒప్పుకుంటా.

సర్వర్‌గది: ఆ లిబ్ తీసేసి మళ్లీ ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టా, అన్నీ లేచాయి. ఇంతకీ పుచ్చియేనా? వికీ పేజీలో పైన పెడదామని.

తాళపత్రం: పెట్టు గానీ చివర "చచ్చింది" కాదు, "చచ్చినట్టు".

ఎర్రమట్టి: ఎవరన్నారు?