మీ సూపర్‌వైజర్ మీతో ఎలా మాట్లాడతారు?

ఆటోనగర్ లెక్కలు: విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కంపెనీలో ఏడేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. కొత్త సూపర్‌వైజర్ వచ్చి ఆరు నెలలు. ఏదైనా వాట్సాప్ గ్రూపులోనే చెప్తారు. నా సీటు గోడౌన్ పక్కకి మారుస్తున్నారని టీ తెచ్చే కుర్రాడు చెప్తే తెలిసింది. జీతం టైముకే వస్తోంది. అయినా పొద్దున గేటు దాటుతుంటే పరాయి ఇంటికి వెళ్తున్నట్టుంది. మీకెవరికైనా ఇలా అనిపించిందా?

సింగ్‌నగర్ వాసి: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో నడుంలోతు నీళ్లు. కరెంటు లేదు, ఫోన్‌లో ఛార్జింగ్ 4 శాతం. అప్పుడు మా మేడమ్ ఫోన్ చేశారు. "పిల్లలు మేడ మీద ఉన్నారా? తాగడానికి నీళ్లున్నాయా? సెలవు సంగతి నేను చూసుకుంటా" అన్నారు. నిమిషం కూడా పట్టలేదు. పక్కింటాయనకి వాళ్ల ఆఫీసు నుంచి వచ్చింది ఒకటే మెసేజ్: "రానివాళ్లు కారణం రాయాలి." సంక్రాంతికల్లా ఆయన అక్కడ మానేశారు. నన్ను వేరేచోట ఎక్కువ జీతానికి పిలిచినా కదల్లేదు.

గుంటూరు గుమాస్తా: మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. సీజన్‌లో రాత్రంతా లోడ్లు దిగుతూనే ఉంటాయి. ఒకసారి తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేరే రైతు పేరున రాసేశాను. పాత మేనేజరైతే హమాలీల ముందే "ఏరా, కళ్లు లేవా" అనేవాడు. ఈయన లోపలికి పిలిచి, తలుపేసి, "మీరు ఇలా రాయరే, నిద్ర లేదా అండీ?" అన్నారు. రసీదులన్నీ మళ్లీ రాయించారు, అది వేరే సంగతి. ఆ 'అండీ' మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

బీసెంట్ రోడ్ అక్క: నేను అవతలి వైపు మనిషిని. బట్టల షాపులో నా కింద 14 మంది అమ్మాయిలు. దసరా ముందు టార్గెట్ టెన్షన్‌లో నేనూ గ్రూపులో ఆర్డర్లే వేసేదాన్ని. ఒకమ్మాయి బాగా అమ్ముతోందని పట్టుచీరల కౌంటర్‌కి మార్చాను, ఎందుకో మాత్రం చెప్పలేదు. తనేదో తప్పు చేసిందనుకుని చీరలు మడతపెడుతూ ఏడ్చింది. ఆ రోజు నుంచి ఏ మార్పయినా ముందు మనిషికి చెప్పి, ఆ తర్వాతే గ్రూపులో పెడుతున్నాను. తమ్ముడూ, నువ్వు నేరుగా వెళ్లి అడుగు.

గుంటూరు గుమాస్తా: అడగాల్సింది ఈయనా అక్కా? చెప్పాల్సింది ఆయన కదా.

బీసెంట్ రోడ్ అక్క: నిజమే. చెప్పాల్సింది ఆయనే.

ఆటోనగర్ లెక్కలు: ఇవాళ అడిగాను. ఇప్పుడు నా సీటున్న గదిలో కొత్త బిల్లింగ్ కౌంటర్ పెడతారట, అంతే కారణం. ఆ ఒక్క ముక్క తెలియక పది రోజులు నిద్ర పట్టలేదు. "ముందే నాతో అనాల్సింది సార్" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎదుటి కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి.