గే కథల సినిమాలు: ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరమే చూడాలా, అమ్మ పక్కన కూర్చుని చూడాలా?

దేవరకొండ బస్సు:

అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి ఈ గ్రూపులో చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదటిసారి. ఓటీటీలో చూడటానికి మంచి గే సినిమాలు, షార్ట్ ఫిల్మ్‌లు చెప్పండి అని ఎవరడిగినా అందరూ పేర్లు ఇస్తారు, కింద తప్పకుండా ఒక మాట ఉంటుంది, "ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూడు తమ్మీ" అని. నేనూ పదేళ్లు అట్లనే చూశా. దుప్పటి కప్పుకుని, ఫోన్ వెలుతురు తగ్గించుకుని, తలుపు చప్పుడైతే వేరే యాప్‌లోకి మారుకుంటూ. ఇప్పుడు ఆ పద్ధతి తప్పనిపిస్తోంది. అన్ని సినిమాలూ కాకపోయినా కొన్నింటిని ఇంట్లోవాళ్లతో కూర్చునే చూడాలి.

శివరాత్రి దాటాక ఊరికి పోయా. అమ్మ చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. టీవీలో "కాథల్ ది కోర్" పెట్టా. 2023 నవంబర్‌లో వచ్చిన మలయాళం సినిమా, జియో బేబీ తీశాడు, తర్వాత ప్రైమ్‌లోకి వచ్చింది. మమ్ముట్టి ఎవరో అమ్మకు చెప్పాల్సిన పని లేదు, "యాత్ర"లో రాజశేఖర్ రెడ్డి వేషం వేసినాయన అంటే చాలు. జ్యోతిక అంటే చంద్రముఖి. కింద వచ్చే ఇంగ్లిష్ లైన్లు నేను తెలుగులో చెప్తూ పోయా. ఊళ్లో మర్యాద ఉన్న పెద్దమనిషి, వార్డు ఎన్నికలో నిలబడతాడు, అదే సమయంలో భార్య విడాకులకు కోర్టుకు పోతుంది. అతను గే అని, ఆ సంగతి మనసులో పెట్టుకునే ఇన్నేళ్లు కాపురం చేశారని మెల్లగా తెలుస్తుంది.

కోర్టులో ఆమె మాట్లాడుతుంటే అమ్మ చేతులు ఆగిపోయినయి. "ఇరవై ఏండ్లు ఆ పిల్ల ఎట్ల ఎల్లదీసిందిరా" అంది. నేనేం అనలేదు. ఇంకో పది నిమిషాలకు, ఎవరితోనో చెప్పినట్టు కాకుండా, "ఆయన మాత్రం ఏం సుఖపడ్డడు" అని మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది.

మొదటి మాట ఎవరైనా అంటారు. ఆ రెండో మాట మా ఇంట్లో వినబడాలని ఇన్నేళ్లు కోరుకున్నానని నాకు అప్పుడే తెలిసింది. నా సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు, ఆ ధైర్యం రాలేదు. కానీ దుప్పటి కింద వంద సినిమాలు చూసినా ఆ మాట వినేవాణ్ని కాదు కదా. మీరేమంటారు?

పాలమూరు పోరి:

తమ్మీ, చదువుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చినయి, నిజంగా. కానీ నీ మాట ఒప్పుకోను. నీకు అట్లాంటి అమ్మ దొరికింది. అందరికీ దొరకదు.

నాకు జరిగింది చెప్తా. మా ఇంట్లో అందరికీ ఒకటే ఓటీటీ ఖాతా. ఇద్దరు అమ్మాయిల కథ ఒకటి సగం చూసి ఆపేశా. పండక్కి అక్క అత్తగారింట్లో బావ అదే ఖాతా తెరిస్తే టీవీలో పైవరుసలోనే ఆ బొమ్మ, ఇద్దరమ్మాయిలు చేతులు పట్టుకుని ఉన్నది. ఎవరు చూశారని అడిగారు. మా అన్న నా వైపు చూశాడు. అంతే. మూడు నెలలు ఫోన్ లేదు, కాలేజీకి తనే దింపి తనే తీసుకొచ్చాడు, ఈలోపు రెండు సంబంధాలు చూశారు. ఒక సగం సినిమాకు ఇంత.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మగవాళ్లు మగవాళ్లు, ఆడవాళ్లు ఆడవాళ్లు ఇష్టపడి కలవడం నేరం కాదని చెప్పింది. సంతోషమే. పెళ్లి హక్కు కోసం కోర్టుకు పోయినవాళ్లలో ముందున్నది మన హైదరాబాద్ జంటే, సుప్రియో, అభయ్. 2023 అక్టోబర్ 17న ఆ హక్కు ఇవ్వలేమంది కోర్టు. రేపు ఇంట్లోవాళ్లు బయటికి పొమ్మంటే పోవడానికి నీ చేతిలో ఏముంది? ముందు ఉద్యోగం, ఒక గది అద్దె కట్టేంత జీతం, ఆ తర్వాత అమ్మ పక్కన సినిమా. అప్పటిదాకా ప్రొఫైల్‌కు పిన్ పెట్టుకోండి, చూసినవాటి జాబితాలోంచి తీసేయండి. పిరికితనం అనుకుంటే అనుకోండి, నేను ఆ మూడు నెలలు చూశా.

తిప్పర్తి రైతుబిడ్డ:

నేను ఎవరినీ తిట్టడానికి రాలేదు. ఎవరి బతుకు వాళ్లది. కానీ అమ్మానాన్నల ముందు, చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో ఇవన్నీ పెట్టాలా? మామూలు ప్రేమ సినిమాలో ముద్దు సీన్ వస్తేనే రిమోట్ కోసం వెతుకుతాం. పెద్దవాళ్లకు టెన్షన్ పెట్టి ఏం సాధిస్తారు?

దేవరకొండ బస్సు:

అన్నా, మర్యాదగా అడిగినందుకు సంతోషం. "కాథల్"లో ముద్దు సీన్ కూడా లేదు. ఉన్నదల్లా ఒక ఇల్లు, ఒక కోర్టు, ఓట్లడగడం.

పిల్లల సంగతి కూడా చెప్తా. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరివాళ్లమంతా ట్రాలీ ఆటోలో దేవరకొండ పోయి సినిమా చూశాం. అందులో ఒక కమెడియన్ నడుము తిప్పుకుంటూ వచ్చి హీరో భుజం మీద చెయ్యేస్తాడు, హీరో ఎగిరి పక్కకు దూకుతాడు, హాలంతా నవ్వు. మా అమ్మ నవ్వింది, నేనూ నవ్వా. మర్నాడు బడిలో అదే నడక నా పేరు మీద మొదలైంది. తేడా అని, పాయింట్ ఫైవ్ అని. పదో తరగతి దాకా. ఆ సినిమాకు పిల్లల్ని తీసుకుపోవద్దని ఎవరూ అనలేదు. అదే మనిషిని ఏడిపించకుండా, వెక్కిరించకుండా చూపించే సినిమా వస్తే మాత్రం పిల్లలు గుర్తొస్తున్నారు. ఇది మిమ్మల్ని అనడం కాదన్నా, మా ఇంట్లో కూడా ఇట్లనే జరిగింది.

సాంచాల వారసుడు:

మా నాన్న ఇరవై రెండేళ్లు ముంబై దగ్గరి భీవండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. చండూరు వైపు నుంచి అట్లా పోయిన పద్మశాలి ఇళ్లు ఎన్నో. నేను పుట్టింది అక్కడే, ఇప్పుడు ఉద్యోగం ముంబైలో. అందుకే "సబర్ బోండా"కు తర్జుమా అవసరం రాలేదు, మరాఠీ నేరుగా చెవిలోకి పోయింది.

తెలియనివాళ్లకు చెప్తున్నా, రోహన్ పరశురామ్ కానవడే తీసిన సినిమా, 2025లో అమెరికాలో జరిగే సన్‌డాన్స్ సినిమా పండుగలో ప్రపంచ సినిమా విభాగంలో పెద్ద బహుమతి వచ్చింది. సెప్టెంబర్‌లో మన దేశంలో థియేటర్లకు తెచ్చింది మన రానా దగ్గుబాటి సంస్థే. ముంబైలో ఉండే ఆనంద్ తండ్రి చనిపోతే సొంత ఊరికి పోతాడు. పది రోజుల కర్మలు అయ్యేదాకా ఊళ్లోనే ఉండాలి. అక్కడ చిన్నప్పటి స్నేహితుడు బాల్యా ఉంటాడు, పొలం పని చేసుకుంటాడు, అతనికీ పెళ్లి కాలేదు. కథ అంతే. దర్శకుడి సొంత తండ్రి పోయినప్పుడు ఊళ్లో గడిపిన రోజుల్లోంచి పుట్టిన కథ.

నన్ను పట్టి కుదిపింది ఆ పది రోజులు. మా తాత పోయినప్పుడు నేను ఊళ్లో దినాలకు కూర్చున్నా. మూడోనాడు పిట్టకు పెట్టి వచ్చామో లేదో, చెరువుగట్టు దిగకముందే మేనమామ "మరి నీ పప్పన్నం ఎప్పుడురా, తాత చూడకనే పాయె" అన్నాడు. ఏడుపు మొహంతో ఉన్నవాడిని పట్టుకుని ఆ మాట. సినిమాలో చుట్టాలు ఆనంద్‌ను పెళ్లి పెళ్లి అని పొడుస్తుంటే నా పక్క సీటాయన నవ్వాడు, నాకు మాత్రం ఆ గట్టు మీది బురద వాసనే వచ్చింది. అతని తల్లికి కొడుకు సంగతి తెలుసు. తెలిసి కూడా పక్కనే ఉంటుంది.

సబర్ బోండా అంటే నాగజెముడు పండు. మన కంచెల మీద కాసేదే. చిన్నప్పుడు సెలవులకు ఊరికొస్తే గోనెసంచి మీద వేసి దొర్లించి నూగుముళ్లు పోగొట్టి తినేవాళ్లం, ఎంత దొర్లించినా ఒకటి నాలుకకు గుచ్చుకునేది, నోరంతా ఎర్రగా అయ్యేది. ఆ పండు పెట్టాలంటే ముందు ముల్లు తీయాలి, అది ఇష్టమున్న మనిషే తీస్తాడు. కాబట్టి నా ఓటు దేవరకొండ తమ్మికే. పట్నం ఫ్లాట్లలో వైన్ గ్లాసులు పట్టుకుని మాట్లాడుకునే గే సినిమాలు మా నాన్నకు చూపిస్తే "వాళ్లు వేరేవాళ్లు" అని లేచిపోతాడు. ఇది చూపిస్తే ఆ ఇంటి వాకిలి గుర్తుపడతాడు.

సాగర్ కట్ట మీద:

అన్న రాసింది వంద శాతం నిజం. ఊరు ఉన్న సినిమాలే ముందు పెట్టాలి. మా తాత గొర్లు కాసేవాడు, అందుకే నేను "గాడ్స్ ఓన్ కంట్రీ" చెప్తా, 2017, ఇంగ్లండ్ సినిమా. కొండల మీద గొర్లు మేపే కుర్రాడు, ఈనే కాలంలో పనికి వచ్చిన రొమేనియా కూలీ. పుట్టగానే చచ్చిపోయిన పిల్ల తోలు ఒలిచి, తల్లి లేని ఇంకో పిల్లకు అంగీలాగా తొడిగి, ఆ గొర్రె దగ్గర వదిలే సీన్ ఒకటుంది. గొర్రె వాసన చూసి పాలిస్తుంది. ఆ కూలీ చేతులు పనిచేసే తీరు చూసే రెండోవాడి మనసు మారడం మొదలవుతుంది, ఎవరూ ఏం మాట్లాడరు. కానీ ఇందులో ఒళ్లు కనబడే సీన్లు ఉన్నాయి, ఇది ఇంట్లో అందరితో చూసేది కాదు, ముందే చెప్తున్నా.

"అలీగఢ్" మొదటి సినిమాగా ఎవరికీ చూపించొద్దని కూడా నా అభిప్రాయం. మనోజ్ బాజ్‌పాయ్ గొప్పగా చేశాడు, నిజంగా జరిగిన కథ, ప్రొఫెసర్ సిరాస్‌ను గే అని 2010లో యూనివర్సిటీ సస్పెండ్ చేసింది, హైకోర్టులో గెలిచిన కొద్ది రోజులకే చనిపోయాడు. అది చూసిన అమ్మకు మిగిలేది భయమే. "నా కొడుకూ ఇట్లనే పోతాడా" అని.

ఇక మన తెలుగు. 2018లో "అ!" వచ్చింది. నిత్యా మీనన్, ఈషా రెబ్బా ప్రేమికులు, ఒకమ్మాయి తల్లిదండ్రుల ముందు హోటల్లో కూర్చుని పెళ్లి గురించి మాట్లాడతారు. ఎంత సంతోషపడ్డానో. చివరికి ఆ పాత్రలన్నీ ఒకరి మనసులో ఉన్న మనుషులే అని తేలుతుంది. కథకు అది సరే, కానీ మన తెరమీద దొరికిన ఒక్క జంట కూడా నిజం కాకపాయెనే అని నాకు చాలా బాధైంది. నల్లగొండ యాసలో, బత్తాయి తోటలోనో బస్‌స్టాండ్‌లోనో ఒక అరగంట సినిమా ఎవరైనా తీస్తే ఎవరి ఇంట్లో చూడాలన్న ప్రశ్నే వేరేగా ఉంటుంది.

పాలమూరు పోరి:

వద్దనడం లేదు, ఎవరితో అనేదే నా ప్రశ్న. నేను అమ్మతో కాదు, పెద్దనాన్న కూతురితో చూశా. "గీలీ పుచ్చీ", నెట్‌ఫ్లిక్స్‌లో 2021లో వచ్చిన "అజీబ్ దాస్తాన్స్"లో ఒక భాగం, నీరజ్ ఘేవాన్ తీశాడు. ఫ్యాక్టరీలో పనిచేసే దళిత అమ్మాయి, తనకు రావాల్సిన సీటులోకి వచ్చిన బ్రాహ్మణ అమ్మాయి, వాళ్ల మధ్య పెరిగే ఇష్టం. చివర్లో ఆ ఇంట్లో ఆమెకు చాయ్ వేరే స్టీలు గ్లాసులో ఇస్తారు. మా అక్క ఆ గ్లాసు చూసి టీవీ ఆపేసింది. మాకు ఆ గ్లాసు తెలుసు. ఆ రోజు మేం కులం గురించి మొదలుపెట్టి రాత్రి ఒంటిగంటకు నా గురించి మాట్లాడుకున్నాం. అక్కకు చెప్పా. ఇంతవరకు అక్క ఎవరికీ చెప్పలేదు.

అందుకే చెప్తున్నా, ఇంట్లో ఒక్కరిని ఎంచుకోండి. ఇల్లంతా ఒకేసారి వద్దు. ముఖ్యంగా ఆడపిల్లలు జాగ్రత్త, మన చేతిలోంచి ఫోన్ గుంజుకోవడం ఇంట్లోవాళ్లకు ఒక్క నిమిషం పని.

తిప్పర్తి రైతుబిడ్డ:

రెండు రాత్రులు కూర్చుని "కాథల్" చూశా. ఆ భార్య పక్షాన ఉన్నా. మా చిన్నమ్మ కూతురిని అట్లనే ఒకరికి కట్టబెట్టారు, కారణం ఎవరూ అడగలేదు, ఆమెదే తప్పన్నారు. ఇంట్లో పిల్లల ముందు పెట్టడానికి నేనింకా ఒప్పుకోను. కానీ అబ్బాయి సంగతి తెలిసీ పెళ్లి చేసే పెద్దవాళ్లకు మాత్రం ఇది చూపించాలి. అది ఒప్పుకుంటా.

దేవరకొండ బస్సు:

అక్కా, నువ్వు చెప్పిన పిన్ సంగతి, ఒక్కరిని ఎంచుకోమన్న సంగతి రెండూ తీసుకున్నా. నేను రాసిన దాంట్లో "ఇంట్లోవాళ్లతో" అన్న చోట "ఇంట్లో నమ్మకమున్న ఒకరితో" అని చదువుకోండి అందరూ. నాకు ఆ ఒకరు అమ్మ. మా నాన్న ఆ రోజు ఊళ్లో లేడు, ఉంటే నేనూ పెట్టేవాణ్ని కాదు, అది ముందే రాయాల్సింది.

సాంచాల అన్నా, నీతో ఒక పని ఉంది. నిన్న అమ్మ ఫోన్ చేసి "ఆ వార్డు ఎన్నికల సినిమా అసొంటిది ఇంకోటి ఉంటే చెప్పురా" అంది. "సబర్ బోండా" కథ నువ్వు రాసినంతవరకు చెప్పా. దినాలు, చుట్టాలు, నాగజెముడు పండు. అంతా విని, "మరి ఆ పొలం పిలగాడు పది దినాలైనంక ఏమైండు, ఈయన పట్నం పోతే ఒక్కడే ఉన్నడా" అని అడిగింది. చూడకుండా నేనెట్లా చెప్పాలి. అది ఫోన్‌లో పెట్టుకున్నప్పుడు మరాఠీ నుంచి తెలుగు లైన్లు నువ్వు చెప్తే నేను టైప్ చేస్తా, మీ నాన్న ఒకసారి విని యాస సరిచేస్తే ఇంకా మంచిది. నీ సెలవు ఏ వారమో రాయి, నేను ఆ ఆదివారం ఊళ్లో ఉంటా.