అత్తయ్య మోకాళ్లు, ఇటలీ కొండ ఊరు: ఎక్కడ దిగితే మంచిది?

ఒంగోలు కోడలు:
మా ఆయనది చీమకుర్తి గ్రానైట్ వ్యాపారం. వెరోనాలో జరిగే రాళ్ల ఎగ్జిబిషన్‌కి సెప్టెంబరులో వెళ్తున్నారు, ఈసారి నన్నూ అత్తయ్యనూ కూడా తీసుకెళ్తానంటున్నారు. అదయ్యాక రోమ్ వైపు వచ్చి నాలుగు రోజులు కొండ మీది పాత ఊళ్లో ఉందామని ప్లాను. చివితా ది బాన్యోరేజో ఫోటో చూసినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది, చుట్టూ లోయ, నడుమ గుట్ట, దాని మీద గుప్పెడు రాతి ఇళ్లు. గది బుక్ చేయబోతూ ఆగాను. అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు, మొన్న మాలకొండలో మెట్లు ఎక్కలేక కూర్చుండిపోయారు. పైగా నీచు ముట్టరు. కారు తీసుకోవాలా, రైళ్లతో సరిపోతుందా? వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

మాగుంట లేఅవుట్:
ఆగి మంచి పని చేశావమ్మా. ఆ ఊళ్లోకి కారు పోదు. మూడొందల మీటర్ల కాలినడక వంతెన ఒకటే దారి, చివర్లో బాగా ఎత్తుగా ఉంటుంది, పెట్టెలు కూడా మనమే లాక్కోవాలి. నేనూ మా ఆవిడా ఆ ఎండలో మాటామాటా అనుకున్నాం కూడా. ఊరి కింద బంకమన్ను, పైన మెత్తటి అగ్నిపర్వత రాయి, వానలకు మన్ను కోసుకుపోయి అంచులు జారిపోతూ ఉంటాయి, అందుకే దాన్ని చచ్చిపోతున్న ఊరంటారు. 1695 భూకంపం తర్వాత జనం పక్కనున్న బాన్యోరేజోకి మారిపోయారు, ఇప్పుడు చివితాలో కాపురముండేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వంతెన దాటడానికి టికెట్ కూడా ఉంది. ఫోటోలో నువ్వు చూసిన అందం మటుకు ఇవతలి గట్టు మీద నుంచే కనపడుతుంది, అత్తయ్యను అక్కడ నీడలో కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్లి రండి.

మకాం ఒర్వియేతోలో పెట్టండి. అదీ కొండ మీది ఊరే, కానీ రైల్వే స్టేషన్ ఎదురుగానే పళనిలో వించ్ లాంటిది ఉంటుంది, కూర్చుంటే పైకి తీసుకెళ్తుంది. పైన ఊరు చాలావరకు చదునే. అక్కడి పెద్ద చర్చి 1290లో మొదలుపెట్టారు, గోడల నిండా నల్లరాయి తెల్లరాయి చారలు, మీ ఆయన అక్కణ్ణుంచి కదలడు చూడండి!

పెన్నా గట్టు:
కారు వద్దక్కా. మేం తీసుకుని ఇరుక్కున్నాం. పాత ఊళ్లలో చాలాచోట్ల బయటి బళ్లు రాకూడని హద్దు ఉంటుంది, జెడ్‌టీఎల్ అని బోర్డు పెడతారు, ఆపేవాడెవడూ ఉండడు, కెమెరా ఫోటో తీస్తుందంతే. మేం హాయిగా దాటేసి ఐస్‌క్రీం తిని వచ్చాం. నెల్లూరొచ్చి అంతా మరిచిపోయాక ఫైన్ వచ్చింది, అద్దెకిచ్చినవాళ్లు మా అడ్రసు చెప్పినందుకు కార్డులోంచి వేరే కోత. అయినా తీసుకుంటానంటే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ చేయించుకోండి, మన లైసెన్సు ఒక్కటే చాలదు.

కావలి టు బొలోన్యా:
నేనిక్కడ చదువుకుంటున్నాను. వెరోనా నుంచి ఫ్లోరెన్స్‌లో బండి మారి ఒర్వియేతో రావచ్చు. లోకల్ రైలుకి కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్‌లో ముద్ర కొట్టించండి. ఒర్వియేతో నుంచి బాన్యోరేజోకి బస్సుంది, ఆదివారం మాత్రం ఉండదు. మాలకొండ శనివారమే తెరిచినట్టు వీళ్లకీ ఓ లెక్క.

తిండి దగ్గరే జాగ్రత్త. మాంసం లేదని చెప్పిన సాసులోనూ పంది ముక్కలు తగలొచ్చు. పర్మెజాన్ లాంటి చీజుల్లో పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేస్తారు, అత్తయ్యగారు అంత పట్టింపుగా ఉంటే 'సెన్జా కార్నే' (మాంసం లేకుండా) అనడంతో ఆగకుండా 'సెన్జా ఫొర్మాజ్జో' (చీజు లేకుండా) అని కూడా చెప్పండి. అక్కడి రొట్టెలో ఉప్పుండదు, కారప్పొడి, ఊరగాయ పట్టుకురండి. నెయ్యి వద్దు, పాల పదార్థాలు బయటి నుంచి తేనివ్వరు. హోటళ్లు మధ్యాహ్నం రెండున్నరకు మూస్తే మళ్లీ ఏడున్నరకే. వంటగది ఉన్న గది తీసుకోండక్కా, ఆకలేసినప్పుడు ఇంత అన్నం పడేసుకోవచ్చు.

ఒంగోలు కోడలు:
అత్తయ్యకు చదివి వినిపించాను. దూడ పొట్ట అనగానే ముఖం తిప్పుకున్నారు, నెయ్యి తేకూడదన్నదానికే ఎక్కువ బాధపడ్డారు. ఒర్వియేతోలో మూడు రాత్రులు ఖాయం. అక్కడ ఏదో లోతు బావి ఉందట కదా, ఆమె దిగగలరా?

మాగుంట లేఅవుట్:
అది వద్దు, 248 మెట్లు. రోమ్ నుంచి పారిపోయి వచ్చిన పోప్ ఊరికి నీళ్లుండాలని తవ్వించింది, నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడకుండా దిగడానికో చుట్టు, ఎక్కడానికో చుట్టు. నువ్వు దిగిరా, పైన ఆమె పక్కన మీ ఆయన్ని కూర్చోబెట్టు.